గాయపడిన బాలుడు – మన కర్తవ్యము



వార్షిక సంచికలో ప్రధానోపాధ్యాయుడు వ్రాయు వ్యాసము సాధారణముగా ఉత్తీర్ణుల సంఖ్యతో మొదలై బహుమతుల పట్టికతో ముగియును. ఆ రెండును ఈ సంచికలో వేరు పుటలలో ఉన్నవి. నాకు కేటాయించిన ఈ పుటలలో ఒక పాఠము వ్రాయదలచితిని. ఇది పిల్లలకు చెప్పు పాఠము కాదు. పెద్దలమైన మనము నేర్చుకొనవలసినది. నేను దీనిని పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. మన బడి బాలుడొకడు పడిన బాధ వలనను, నేను చేసిన పొరపాటు వలనను నేర్చుకొంటిని.

విషయ మిది: ఆటలో గాయపడి ఒక బాలుడు ఆసుపత్రిలో చేరినప్పుడు ఆ కుటుంబమునకు మనము చేయవలసిన సహాయ మేది? సంగతి వినగానే అందఱము "అయ్యో" అందుము. పండ్లు కొని తీసికొనిపోవుదుము. మంచము ప్రక్కన కొంతసేపు నిలిచి, ఆపైన ఏమి చేయవలెనో తోచక ఇంటికి మరలుదుము. తరతరములుగా మరాఠీ సీమలో స్థిరపడి, ఇంట తెలుగు మాటాడుకొను మన వారికి, ఆపైన చేయవలసిన పనియే అసలు పని.

ఆనాటి సంగతి

2023వ సంవత్సరము డిసెంబరు నెలలో మన క్రీడోత్సవము జరిగెను. మన పెద్దలు చెడుగుడు అనియు, ఇచ్చటి మరాఠీవారు హుతుతూ అనియు పిలుచుచు వచ్చిన కబడ్డీ ఆటలో ఎనిమిదవ తరగతి బాలుడొకడు కూతకు వెళ్ళెను. తిరిగి గీత దాటబోవునంతలో ఒక బాలుడు అతని చీలమండ పట్టుకొనెను. మఱి ఇద్దఱు మీద పడిరి. మోకాలి క్రింది పెద్ద ఎముక విరిగెను. ఆ చప్పుడు గీత వెలుపల నిలిచియున్న నాకు వినబడెను.

ఇచ్చట నేను ఒక సంగతి ఒప్పుకొనవలెను. కబడ్డీ ఆడు నేలను ముందుగా త్రవ్వించి, రాళ్ళేరించి, నీళ్ళు చల్లించి మెత్తబఱచవలెను. ఆ యేడు పనుల తొందరలో పైపైన ఊడ్పించి ఊరకొంటిమి. ఎముక విరుగుటకు అదియే కారణమని నేను రూఢిగా చెప్పలేను. కాని అది మా లోపము. దానికి బాధ్యుడను నేను.

బాలుని తండ్రి షోలాపురములోని ఒక మరమగ్గముల కార్ఖానాలో తువ్వాళ్ళు నేయును. తల్లి సిరిసిల్ల ప్రాంతము నుండి కోడలిగా వచ్చినది. ఏడవ తరగతి వఱకు తెలుగు బడిలో చదివినది. ఇంట కూర్చుండి బీడీలు చుట్టును. బజారులో బేరమాడుటకు సరిపోవు హిందీ ఆమెకు వచ్చును. మరాఠీ చెవిన పడును గాని పూర్తిగా పట్టుబడలేదు. ఆసుపత్రిలో రాత్రి ఒక్కరే తోడుండవలెననిరి. బాలుడు తల్లిని విడువలేదు. కావున ఆమెయే ఉండెను.

నేను సాయంకాలము వెళ్ళితిని. తండ్రి చేతిలో ఐదు వందల రూపాయలు పెట్టితిని. "ఏమైనా అవసరమైతే ఫోను చేయుడి" అని చెప్పి ఇంటికి వచ్చి నిద్రించితిని. నా కర్తవ్యము తీరినదని తలచితిని.

ఒక్క మాట వలన జరిగినది

కాలికి తాత్కాలికముగా సగము పిండికట్టు వేసి, ఉదయము శస్త్రచికిత్స చేయుదుమని వైద్యులు చెప్పిరి. రాత్రి తొమ్మిది గంటల వేళ నొప్పి హెచ్చెను. బాలుడు తల్లితో, "అమ్మా, కాలు తిమ్మిరెక్కింది. వేళ్ళు నావి కానట్టు ఉన్నయ్" అనెను. అంతలో వైద్యుడు చూడవచ్చి, మరాఠీలో తల్లి నడిగెను: "బోటే బధీర్ ఝాలీ ఆహేత్ కా?"

వేళ్ళకు స్పర్శ పోయినదా అని ఆ ప్రశ్నకు అర్థము. కాని ఆ తల్లికి తెలిసిన మాట ఒక్కటే, బధిరుడు. అంధులు, బధిరులు అని చిన్ననాటి పాఠములో చదివిన మాట. చెవుడు వచ్చినదా అని అడుగుచున్నాడనుకొని ఆమె "నహీ, నహీ" అనెను. వైద్యుడు నొప్పి తగ్గుటకు మందు వ్రాసి తక్కిన రోగులను చూడబోయెను. ఆయనను తప్పు పట్టుటకు నాకు మనసు రాదు; అడుగవలసినదే అడిగెను. తల్లియు అసత్యము చెప్పలేదు. ఇద్దఱి నడుమ నిలిచి మాట అందించువారు లేకపోయిరి.

పదిన్నర గంటలకు వారి వాడకట్టులోని పదవ తరగతి బాలిక ఒకతె, తన తండ్రితో కూడ అన్నము తీసికొని వచ్చెను. బాలుడు ఆమెతో మరల అదే మాట చెప్పెను. ఆమె నర్సు వద్దకు పరుగెత్తి, "త్యాచీ బోటే బధీర్ ఝాలీ ఆహేత్, ముంగ్యా యేత్ ఆహేత్" అని చెప్పెను. నర్సు వచ్చి కాలి వ్రేళ్ళను మెల్లగా వంచి చూడగా బాలుడు కేక వేసెను. వెంటనే వైద్యులను పిలిచిరి. అర్ధరాత్రి కాకమునుపే అతనిని శస్త్రచికిత్స గదికి తీసికొనిపోయిరి.

కాలు దక్కెను. ఒత్తిడి తీర్చుటకు పిక్కకు ఇరుప్రక్కల నిడుపుగా కోసిన గాయములు కొన్నాళ్ళు తెఱచియే ఉంచవలసివచ్చెను. తరువాత తొడ చర్మము తీసి కప్పిరి. నెల దినములకు పైగా ఆసుపత్రిలో ఉండెను. నేడు అతడు నడచుచున్నాడు, బడికి వచ్చుచున్నాడు. కాని కాలి బొటనవ్రేలు ఇంకను చక్కగా లేవదు. త్వరగా నడచునపుడు పాదము కొంచెము ఈడ్చును. తెల్లవారువఱకు ఆగియున్నచో ఏమగునో వైద్యులు నాకు వివరించి చెప్పిరి. ఆ మాటలు ఇచ్చట వ్రాయను.

ఐదు వందల రూపాయలిచ్చిన నేను ఆ వేళ ఇంట పండుకొనియుంటిని. అన్నము తెచ్చిన పిల్ల ఆ కాలిని కాపాడెను. ఈ వ్యాసమునకు మూలము ఇదియే.

ఎందుచేత అట్లు జరుగును?

మోకాలి క్రింది కండరములు సాగని గట్టి పొరల నడుమ అరలు అరలుగా అమరియున్నవి. ఎముక విరిగినప్పుడు ఆ అరలలో రక్తము చేరును, వాపు పుట్టును. పొర సాగదు గనుక లోపల ఒత్తిడి పెరుగును. సన్నని రక్తనాళములు నొక్కుకొనిపోయి, కండరమునకును నరమునకును రక్తము అందదు. దీనిని వైద్యులు కంపార్టుమెంటు సిండ్రోము అందురు. సుమారు ఆరు గంటలు దాటినచో కండరము మరల కోలుకొనని స్థితికి రావచ్చును. ఇది మోకాలి క్రింది ఎముక విరిగినప్పుడు ఎక్కువగా వచ్చును. ముంజేతి ఎముకలు విరిగినప్పుడును రావచ్చును. మొదటి రెండు దినములు మిక్కిలి జాగరూకత అవసరము.

తోడున్నవారు కనిపెట్టవలసిన గుర్తులు ఇవి: మందు ఇచ్చినను నొప్పి తగ్గక హెచ్చుచుండుట, వ్రేళ్ళను కదల్చినప్పుడు పిక్కలో భరింపరాని నొప్పి కలుగుట, పిక్క చెక్కవలె బిగియుట, తిమ్మిరి, ఆపైన స్పర్శ లేకపోవుట. వ్రేళ్ళు పాలిపోయి చల్లబడువఱకు వేచియుండరాదు. పాదమున నాడి కొట్టుచున్నప్పుడు కూడ ప్రమాద ముండవచ్చును. ఈ గుర్తులలో ఏది కనబడినను వెంటనే నర్సుకు చెప్పవలెను. ఒకమారు చెప్పగా రాకున్నచో మరల చెప్పవలెను. కట్టును మనము విప్పరాదు. నూనె రాసి మర్దన చేయరాదు.

మొదటి పాఠము: ఆటస్థలములో

బిడ్డ పడగానే చుట్టును గుమిగూడి లేవనెత్తుట మన అలవాటు. "లే, నిలబడు, ఏమీ కాలేదు" అందుము. ఎముక విరిగినదను అనుమాన మున్నచో నిలబెట్టరాదు, లాగరాదు, తిన్నగా చేయ యత్నింపరాదు. కాలు ఏ రీతిగా ఉన్నదో ఆ రీతిగానే ఉంచి, ఇరుప్రక్కల కఱ్ఱగాని మందముగా మడచిన వార్తాపత్రికగాని పెట్టి, విరిగిన చోటికి పైనను క్రిందను గుడ్డతో వదులుగా కట్టవలెను. ఆ కట్టు విరిగిన చోటికి పై కీలును, క్రింది కీలును కూడ కదలకుండ చేయవలెను. గాయమున్నచో శుభ్రమైన గుడ్డ కప్పవలెను. శస్త్రచికిత్స అవసరము కావచ్చును గనుక తినుటకు, త్రాగుటకు ఏమియు ఇయ్యరాదు. 108 సంఖ్యకు ఫోను చేసినచో అంబులెన్సు వచ్చును.

తలకు దెబ్బ తగిలి, పిల్లవాడు ఒక్క నిమిషము మైకములో నున్నను, ఆనాడు మరల ఆట కంపరాదు. వాంతి, మగత, మాట తడబాటు కనబడినచో ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

నాటుకట్టు విషయమై ఒక మాట. మన పెద్దలకు కట్టు వైద్యులయందు నమ్మక మున్నది. వారిని చులకన చేయుట నా ఉద్దేశము కాదు. కాని క్రొత్తగా విరిగి, వాపు పెరుగుచున్న కాలికి వెదురు బద్దలతో బిగువుగా కట్టినచో, నేను పైన చెప్పిన ప్రమాదమును మన చేతులతో మనమే కల్పించిన వారమగుదుము. ఎక్స్‌రే తీయించి వైద్యుడు చూచువఱకు ఎవ్వరును కట్టు కట్టరాదు.

రెండవ పాఠము: భాషకు తోడు

మాతృభాషలో ప్రాథమిక విద్య నేర్పుటకు తగిన వసతులు కల్పింపవలెనని మన రాజ్యాంగములోని 350-ఎ అధికరణము చెప్పుచున్నది. ఇది 1956వ సంవత్సరపు ఏడవ సవరణతో చేరినది. దాని మూలముననే మన వంటి బడులు ధైర్యముగా అడుగవలసినది అడుగగలుగుచున్నవి. కాని రాత్రి తొమ్మిది గంటలకు ఆసుపత్రి మంచము ప్రక్కన మన భాష తెలిసినవారిని ఏ అధికరణమును తెచ్చి నిలుపదు. ఆ పని మనమే చేయవలెను.

కావున మొదటి సహాయము పండ్లు కాదు, ధనము కాదు; తెలుగును మరాఠీని చక్కగా ఎఱిగిన ఒక మనిషి. మొదటి మూడు రాత్రులు అట్టివారొకరు ఆసుపత్రి ఆవరణములోనే ఉండవలెను. లోనికి ఒక్కరినే పోనిచ్చినచో, వెలుపలి బల్లమీద కూర్చుండి, తల్లి చేతిలో ఫోను నడచునట్లు చూడవలెను. వైద్యుడు వచ్చినప్పుడు ప్రశ్నను తల్లికి, జవాబును వైద్యునికి ఉన్నదున్నట్లు అందింపవలెను. సొంత అభిప్రాయము కలుపరాదు. భయపెట్టు మాట తగ్గించి చెప్పరాదు. అర్థము కానిచో "మరల చెప్పుడి" అని అడుగుటకు సిగ్గుపడరాదు.

ఆసుపత్రిలో తఱచుగా వినబడు కొన్ని మరాఠీ మాటలు క్రింద ఇచ్చుచున్నాను. ప్రతి యింటిలోను వీనిని గోడకు అంటించుకొనుడి.

నొప్పి: దుఖణే
తిమ్మిరి, చీమలు ప్రాకినట్లుండుట: ముంగ్యా యేణే
స్పర్శ లేకపోవుట: బధీర్ హోణే
వాపు: సూజ్
జ్వరము: తాప్
ఎముక: హాడ్
వ్రేలు: బోట్
కట్టు బిగువైనది: పట్టీ ఘట్ట్ ఝాలీ
తల తిరుగుట: చక్కర్ యేణే
వాంతి: ఉలటీ
మూత్రము: లఘ్వీ
మత్తు ఇచ్చుట: భూల్ దేణే
ఏమియు తినకుండ ఉండుట: ఉపాశీ రాహణే

వీనిలో మూడింటిని ప్రత్యేకముగా గమనింపుడి. బధీర్ అను మాట సంగతి చెప్పియే యున్నాను. తాప్ అనగా మన తాపము, అనగా ఉక్కగాని మనోవేదనగాని, కాదు, జ్వరము. భూల్ అనగా హిందీ తెలిసినవారు పొరపాటు అనుకొందురు. ఆసుపత్రిలో దానికి మత్తుమందు అని అర్థము. మాటలు మనకు తెలిసినట్లే వినబడి వేఱు అర్థము నిచ్చునపుడే ఎక్కువ చిక్కు. బొత్తిగా తెలియని మాట యైనచో అడిగి తెలిసికొందుము. తెలిసినదనుకొన్న మాటను అడుగము.

మూడవ పాఠము: ఇంటి పని

ఒక బిడ్డ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇంటిలో మిగిలిన బిడ్డలు కనబడరు. ఈ బాలునికి ఇద్దఱు చెల్లెండ్రు కలరు. మొదటి రెండు దినములు వారు ఏమి తినిరో ఎవరును అడుగలేదు. మూడవ దినమున చిన్నపిల్ల ప్రార్థన వేళ సొమ్మసిల్లగా మాకు తెలిసెను. ఆ తరువాత వాడకట్టులోని నాలుగు ఇండ్లవారు వారములు పంచుకొనిరి. ఎవరి వంతు నాడు వారు ఆ పిల్లలకు అన్నము పెట్టి, తల దువ్వి, బడికి పంపిరి.

అంతకంటె గొప్ప సహాయము చేసినది బీడీలు చుట్టు స్త్రీలు. మీకు తెలిసినదే: కార్ఖానా నుండి తెచ్చిన ఆకును తడిపి, కత్తిరించి, చుట్టి, లెక్క ఒప్పగింపవలెను. పని తప్పినచో ఆ వారము కూలి లేదు. ఆ తల్లి తెచ్చియుంచిన ఆకు ఎండిపోవుచుండగా, ప్రక్క ఇండ్లలోని ఐదుగురు స్త్రీలు తమ పని అయిన తరువాత రాత్రి కూర్చుండి ఆమె వాటాను చుట్టి, తీసికొనిపోయి ఒప్పగించి, వచ్చిన కూలిని ఆమెకే తెచ్చి ఇచ్చిరి. ఎవరు చుట్టిరో ఆమెకు చాలనాళ్ళు చెప్పలేదు. ఆమె నాతో అనిన మాట: "పైసలు చేబదులు ఇచ్చిండ్రంటే మళ్ళ కట్టాలన్న బెంగ ఉండు సారు. ఇది నా పనే నాకు తెచ్చిచ్చిండ్రు."

సహాయము చేయువారు "ఏమి కావలెను?" అని అడుగుచుందురు. కష్టములో నున్నవారు "ఏమీ వద్దు" అందురు. అట్లు అడుగుటకంటె, "రేపటి నుండి మీ పిల్లలకు ఉదయము మా ఇంట తిండి" అని ఒక పనిని పట్టుకొని చెప్పుట మేలు.

నాల్గవ పాఠము: ధనము, కాగితములు

చందా వసూలు చేసినచో ఒక్కరే వసూలు చేయవలెను. ఒక్క పుస్తకములోనే వ్రాయవలెను. ఇచ్చిన దెంతయో తండ్రికి చూపవలెను. ఇచ్చినవారి పేర్లుగాని మొత్తములుగాని బడి ప్రార్థనలో చదువరాదు. ఆ కుటుంబపు పిల్లలును ఆ వరుసలోనే నిలిచియుందురు.

మహారాష్ట్ర ప్రభుత్వపు మహాత్మా జ్యోతిరావు ఫూలే జన ఆరోగ్య యోజన క్రింద నమోదైన ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర అను ఉద్యోగి ఉండును. రేషను కార్డు, ఆధారు కార్డు తీసికొని మొదటి దినముననే ఆయనను కలిసి, ఈ చికిత్స ఆ పథకములో చేరునా అని అడుగవలెను. అన్ని చికిత్సలును చేరవు. కావున ముందుగా అడుగుట అవసరము. ఒకటి మొదలు పన్నెండవ తరగతి వఱకు చదువు విద్యార్థులకు ప్రమాదము జరిగినచో సహాయ మందించు రాజీవ్ గాంధీ విద్యార్థి అపఘాత సురక్షా సానుగ్రహ అనుదాన యోజన అను పథకము కూడ రాష్ట్రములో నున్నది. దాని దరఖాస్తు విషయమున పాఠశాలను అడుగుడి. అది నింపించుట మా పని, మీకు ఉపకారము కాదు.

ఎక్స్‌రేలు, మందుల చీటీలు, రసీదులు, ఆసుపత్రి విడుదల పత్రము అన్నియు ఒకే సంచిలో పెట్టి, చదువుకొన్న బంధువొకరు భద్రపఱచవలెను. నిద్రలేని తల్లి చేతినుండి కాగితము జాఱుట సహజము.

ఐదవ పాఠము: చూడబోవు పద్ధతి

సందర్శన వేళలోనే పోవలెను. ఇద్దఱికి మించి పోరాదు. తెఱచిన గాయమున్న బిడ్డ మంచము మీద కూర్చుండరాదు. చేతులు కడుగుకొనక ముట్టరాదు. జలుబు, దగ్గు ఉన్నవారు పోరాదు. తినుబండారము ఏదైనను నర్సు నడిగియే ఇయ్యవలెను. మన బాలునికి చర్మము అతుకవలసిన ఉదయమున దూరపు బంధువొకరు ప్రేమతో షీరా తెచ్చి తినిపించిరి. మత్తు ఇచ్చుటకు ముందు ఆఱు గంటలు ఘనాహారము కూడదు; కడుపులోనిది ఊపిరితిత్తులలోనికి పోవు ప్రమాద ముండును. శస్త్రచికిత్స మఱునాటికి వాయిదా పడెను. ఒక రాత్రి బాధ పెరిగెను. ఆ బంధువు దోషి కాడు. ఉపాశీ అను మాట అతనికి ఎవరును చెప్పలేదు.

మంచము ప్రక్కన పలుకరాని మాటలు కొన్ని కలవు. "నేను అప్పుడే చెప్పితిని, ఆటలు వద్దని" అనరాదు. "మా ఊరిలో ఒకనికి ఇట్లే అయి కాలు తీసివేసిరి" అనరాదు. "ఏ జన్మ పాపమో" అనరాదు. తల్లి ఆ మాటలను రాత్రియంతయు నెమరు వేసికొనును. మాట తోచనిచో మౌనముగా నుండి, ఆమెను గంటసేపు పండుకొనుమని చెప్పి, ఆమె స్థానమున కూర్చుండుడి.

ఆఱవ పాఠము: ఇంకొక బాలుడు, బడి

చీలమండ పట్టుకొన్న బాలుని సంగతి మొదట మా కెవ్వరికిని తట్టలేదు. అతడు మూడు దినములు బడికి రాలేదు. తోటివారు "నీ వలననే" అనిరట. అతని తల్లి వీధిలోనికి వచ్చుట మానెను. ఆటలో నియమము ప్రకారము పట్టిన పట్టు అది. అందు దోషము లేదు. ఈ సంగతి గాయపడిన బాలుని తల్లికి చెప్పగా ఆమె, "ఆటల పట్టుడు తప్పా సారు? వాణ్ణి పంపుండ్రి, మావోడు అడుగుతుండు" అనెను. మరునాడు ఆ బాలుడు వెళ్ళెను. మొదట ఇద్దఱును మాటాడలేదు. పిమ్మట గాయపడినవాడే, ఆనాటి ఆట ఎవరు గెలిచిరని అడిగెను. అటుపై ఆ బాలుడే దినదినము పాఠముల పుస్తకము తీసికొనిపోయి ఇచ్చుచు వచ్చెను. ప్రమాదము జరిగినప్పుడు సహాయము కావలసిన కుటుంబములు రెండు అని మేము అప్పుడు తెలిసికొంటిమి.

ఆసుపత్రిలో నున్న విద్యార్థికి నొప్పి తరువాత పెద్ద భయము చదువు. ఏడాది పోవునేమో, తన చోటు మఱొకరికి పోవునేమో అని. అతని బల్లమీది చోటును అట్లే ఉంచితిమి. గణితము, ఆంగ్లము చెప్పు ఉపాధ్యాయులు వారమునకు రెండు దినములు అరగంట చొప్పున వెళ్ళిరి. అతడు చంకకఱ్ఱలతో తిరిగి వచ్చినప్పుడు ఎనిమిదవ తరగతి మేడమీద నుండెను. అతని నొక్కనిని క్రింది గదిలో కూర్చుండబెట్టుమని కొందఱు చెప్పిరి. మేము తరగతి నంతటిని క్రిందికి దింపితిమి.

ఇంటికి వచ్చిన తరువాత చేయవలసిన వ్యాయామముల పట్టిక మరాఠీలో నుండెను. మా ఉపాధ్యాయిని దానిని తెలుగులో వ్రాసి ఇయ్యగా తల్లి మగ్గపు దారపు కండెలు పెట్టు అలమార తలుపుకు అంటించెను. దినమునకు మూడుసార్లు బొటనవ్రేలు పైకి లేపించుచున్నది. కుట్లు మానగానే చికిత్స ముగిసినదని తలచుట పెద్ద పొరపాటు. ఇరుగుపొరుగువారి రాకపోకలు తగ్గిన తరువాతనే ఆ కుటుంబమునకు నెలల కష్ట మున్నది.

ఆటలు మానవలెనా?

ఈ సంఘటన తరువాత కొందఱు తల్లిదండ్రులు కబడ్డీని నిలుపుమని వినతిపత్రము ఇచ్చిరి. వారి భయము నాకు తెలియును. ఇరుకు గదులలో, మగ్గముల చప్పుడు నడుమ పెరుగు మన పిల్లలకు పరుగెత్తుటకు ఉన్న చోటు బడి మైదాన మొక్కటే. దానిని మూసినచో వారు వీధిలో, వాహనముల నడుమ ఆడుదురు. కావున ఆటను మానలేదు. మా పద్ధతిని మార్చితిమి. ఇప్పుడు ఆటకు ముందు నేల త్రవ్వించి, రాళ్ళేరించి, నీళ్ళు చల్లించుచున్నాము. బరువును బట్టి జట్లు కూర్చుచున్నాము. గోళ్ళు తీసికొననివానిని, ఉంగరము, కడియము తీయనివానిని గీత లోపలికి రానీయము. ప్రథమ చికిత్స పెట్టెయు, కట్టు బద్దలును గీత ప్రక్కనే ఉండును.

ముగింపు

కార్యాలయములో ఒక నోటు పుస్తకము పెట్టితిని. తెలుగును మరాఠీని బాగుగా ఎఱిగి, పిలిచినప్పుడు ఒక రాత్రి ఆసుపత్రికి రాగలవారు అందు తమ పేరును, ఫోను సంఖ్యను వ్రాయవలెనని ప్రార్థన. మొదటి పేరు నాది. రెండవ పేరు ఆ బాలుని తండ్రిది. ఆయన అడుగకయే వచ్చి వ్రాసెను. పిల్లల పేర్లు వ్రాయకుడి. ఆనాడు మన పని ఒక పదవ తరగతి బాలిక చేసినది. ఇకమీదట అది పెద్దల పనిగా ఉండవలెను.

ఇంట చర్చించుటకు ప్రశ్నలు

1. మీ బిడ్డ ఈ రాత్రి ఆసుపత్రిలో చేరినచో ఇంటిలో మరాఠీ చక్కగా మాటాడగలవా రెవరు? వారు లేనిచో ఎవరిని పిలుతురు?

2. మందు ఇచ్చినను తగ్గని నొప్పి, తిమ్మిరి, స్పర్శ లేకపోవుట: వీనిని నర్సుకు మరాఠీలో ఎట్లు చెప్పుదురు? తల్లియు తండ్రియు పైకి పలికి చూడుడి.

3. మీ ప్రక్క ఇంటివారికి ఇట్టి కష్టము వచ్చినచో మీరు పట్టుకొని చేయగల ఒక్క పని ఏది?

4. మీ రేషను కార్డు, ఆధారు కార్డులు ఎచ్చట నున్నవి? మీరు లేనప్పుడు అవి ఎచ్చట నున్నవో ఇంటిలో ఎవరికి తెలియును?